స్నాన శ్లోకమూ, కాన్పూరు తీర్పూ

"గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు"

కోనసీమలో నూతి దగ్గర చెంబుతో పోసుకునేవాళ్లకు కూడా ఇది నోటికి వస్తుంది. పక్కనే గోదావరి పాయ గౌతమి పారుతున్నా, ఎక్కడో ఉన్న సింధువునూ నర్మదనూ పిలవందే స్నానం పూర్తికాదు. ఏడు నదులూ మనవే అన్నమాట. మరి వాటిలో ఒకదానికి కీడు జరిగితే అడిగే అధికారమూ మనకుందా?

జవాబు నాకు సుప్రీంకోర్టు తీర్పులో దొరికింది. గంగ కాలుష్యంపై న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో పిటిషన్ వేశారు. ఆయనకు గంగ ఒడ్డున భూమి లేదు. అయినా ఆ నీటిని వాడుకునే జనం ప్రాణాల కోసం అడుగుతున్నారు కాబట్టి అడిగే అర్హత ఉందని 1988 జనవరి 12న కోర్టు చెప్పింది. నూతి దగ్గర నిలబడి గంగను పిలిచేవాడికి ఇంతకన్నా ఏం కావాలి!

ఆ తీర్పులో గంగ ఒడ్డునున్న కాన్పూరు నగరపాలికకు పురమాయించినవన్నీ మురికి పనులే. డెయిరీల పేడ నదిలోకి పోనివ్వొద్దు, మురుగు కాలువలు పెంచాలి, పేదల వాడల్లో మరుగుదొడ్లు కట్టాలి, శవాలను, సగం కాలినవాటిని కూడా గంగలో వేయనివ్వకూడదు. అంతకు ముందు ఏడాదే తోళ్ల కర్మాగారాల సంగతి తేల్చారు: కనీస వేతనం ఇవ్వలేని ఫ్యాక్టరీ ఎలా నడవకూడదో, వ్యర్థజలాన్ని ప్రాథమికంగానైనా శుద్ధి చేయలేనిదీ అలాగే నడవకూడదు.

ఇది చదువుతుంటే నాకు అరుణప్రశ్న గుర్తొచ్చింది. సూర్యనమస్కారాలతో పారాయణ చేసే తైత్తిరీయ ఆరణ్యక భాగం అది. "నాప్సు మూత్రపురీషం కుర్యాత్, న నిష్ఠీవేత్": నీళ్లలో మలమూత్రాలు విడవకు, ఉమ్మకు. కారణమూ వెంటనే ఉంది, "గుహ్యో వా ఏషోఽగ్నిః". నీటిలో అగ్ని దాగి ఉంది, అది దహించకుండా ఉండాలంటే ఈ నియమం పాటించాలి. వేదం ఒక మనిషికి చెప్పింది, కోర్టు ఒక నగరానికి చెప్పింది. నేనొక్కణ్ణి ఉమ్మకుండా ఉండగలను. పట్నం మురుగుతూముకు అడ్డం పడటం నా నిష్ఠతో అయ్యే పని కాదు.

2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగాయమునలను చట్టం దృష్టిలో వ్యక్తులుగా ప్రకటించింది. జూలైలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. అమ్మ అని పిలిచేవాళ్లకు ఆ ప్రకటన ముచ్చటగానే ఉంటుంది గానీ, నాకు మాత్రం పేడ గురించీ మరుగుదొడ్ల గురించీ మాట్లాడిన తీర్పులోనే ఎక్కువ భక్తి కనిపిస్తుంది.

త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికొస్తుంది. పైవాళ్లు వదిలినది మోసుకొస్తుంది, ఇక్కడ మనమూ కలుపుతాం. ధవళేశ్వరం కాలువ నీళ్లే ఊరి మంచినీటి చెరువు నింపుతాయి. పోలి పాడ్యమినాడు ఆ కాలువల్లోనే దీపాలు వదులుతాం. అరటి దొప్పైతే కుళ్లి మట్టిలో కలుస్తుంది, ఈమధ్య వచ్చిన థర్మాకోల్ పళ్లెం కలవదు.

మన తీరానికి తగిలిన తీర్పూ ఒకటుంది. 1996 డిసెంబరు 11న, సంప్రదాయ పద్ధతుల్లో పెంచేవి తప్ప, సముద్రం ఒడ్డున కట్టడాలపై ఆంక్షలుండే తీర నియంత్రణ ప్రాంతంలోని రొయ్యల చెరువులు తొలగించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి, రిజిస్ట్రేషన్ పద్ధతిలో వాటికి మళ్లీ దారిచ్చింది. రొయ్యల రైతును తిట్టి లాభం లేదు, అప్పులూ పిల్లల చదువులూ ఆయనకూ ఉన్నాయి. కార్తీకంలో ఆయనా మన రేవులోనే దిగి, ఆ ఏడు నదులనూ పిలిచి మునుగుతాడు.