వేలూరు బస్సులో పక్క సీటు

చిత్తూరు బస్టాండులో టీ 15 రూపాయలు. మూడు గుటకలు కూడా లేదు. నీళ్ల సీసా మీద రాసిన రేటు ఒకటి, కొట్టతను తీసుకునేది ఇంకొకటి. పొద్దున్నే చిరాకు పడుతూ నిలబడ్డాను. గుడిపాలలో చిన్నమ్మ ఇంట్లో ఉన్న రెండు రోజుల గురించి చెప్పడానికేమీ లేదు, కడుపునిండా తిని పడుకున్నాను. మహాలయ అమావాస్యకు కపిలతీర్థంలో నాన్నకు తర్పణం వదలాలని హైదరాబాద్ నుంచి వచ్చాను. ఆ రోజు గదులు దొరకవు కాబట్టి ఒకరోజు ముందే తిరుపతికి బయల్దేరాను.

వేలూరు నుంచి వచ్చిన బస్సులో ఒక్క సీటే ఖాళీగా ఉంది. కిటికీ పక్కన డెబ్బై ఏళ్ల పెద్దాయన, ఒళ్లో గుడ్డసంచి. తమిళ పేపరు చదువుతున్నాడు కాబట్టి తమిళంలోనే అడిగాను, కూర్చోవచ్చా అని. "ఓం" అన్నాడు. జపం చేసుకుంటున్నాడేమో అనుకున్నాను. కండక్టర్ వచ్చి తిరుపతికేనా అంటే మళ్లీ "ఓం". పూతలపట్టు దాటాక ఉండబట్టలేక అడిగేశాను. వాళ్ల వైపు 'అవును' అనడానికి ఓం అంటారట. మీ వైపంటే ఎక్కడయ్యా అన్నాను.

"ముల్లైత్తీవు." శ్రీలంకలో ఉత్తరాన ఉంది.

మా అమ్మమ్మ ఇంట్లో సగం మాటలు అరవమే. అయినా ఈయన తమిళం నాకు కొత్తగా ఉంది, ఆగి ఆగి వినాల్సొచ్చింది. 1990లో పడవలో రామేశ్వరం చేరాడు. అప్పటినుంచి శిబిరాల్లోనే, ఇప్పుడు వేలూరు దగ్గర ఉంటున్నాడు. చెల్లెలు మాత్రం రాలేదు. పెళ్లయింది, పొలం ఉంది, ఎందుకు రావాలి అందట. 2009 మే 9 సాయంత్రం ఎవరిదో శాటిలైట్ ఫోన్ నుంచి రెండు నిమిషాలు మాట్లాడింది. యుద్ధం చివరి రోజుల్లో జనం చిక్కుకుపోయిన సముద్రతీరం ముల్లివాయ్‌క్కాల్‌లో ఇసుకలో గుంత తవ్వుకుని మొగుడూ పిల్లలతో అందులోనే ఉన్నామని చెప్పింది. పెద్దవాడిని 'ఇయక్కం' వాళ్లు పట్టుకుపోయారని ఏడ్చింది. ఇయక్కం అంటే పులులు, తమిళులకు వేరే దేశం కావాలని లంక సైన్యంతో పోరాడిన ఎల్‌టీటీఈ. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

"తంబీ, నువ్వేం చేస్తావు?"

పేపర్లో పని అన్నాను.

"అప్పుడు కూడానా?"

అప్పుడు కూడా. తిరుపతిలోనే, ఒక దినపత్రిక డెస్కులో ఉన్నాను.

"మీ పేపర్లో వచ్చిందా అదంతా?"

చాలా తక్కువ వచ్చిందయ్యా అన్నాను. ఆయన "ఓం" అని తల ఊపి, కిటికీ వైపు తిరిగాడు. పాకాల దగ్గర బస్సు ఆగింది, కదిలింది. నేను నోరెత్తలేదు.

ఆ వారం నాకు బాగా గుర్తుంది. మే 16న ఎన్నికల ఫలితాలు వచ్చాయి, అసెంబ్లీవి, లోక్‌సభవి కలిపి. ఏ నియోజకవర్గంలో ఎవరికెంత మెజారిటీ అన్నదే మా లోకం. 18న లంకలో యుద్ధం ముగిసింది. పులుల నాయకుడు ప్రభాకరన్ హతం అన్నది మొదటి పేజీకి వెళ్లింది. అంతకుముందు వారాల తరబడి ఏజెన్సీ కాపీల్లో ఇంకో వార్త వస్తూనే ఉంది. ఆ ఇసుక దిబ్బల మధ్య చిక్కుకున్న ఆసుపత్రుల్లోని ప్రభుత్వ డాక్టర్లు ఈరోజు ఇంతమంది పోయారు, ఇంతమందిని తెచ్చారు అని ఫోన్‌లో చెబుతున్నారు. దాన్ని నాలుగు లైన్లు చేసింది నేనే. చోటు లేదని ఒకటి రెండు రోజులు తీసేసింది కూడా నేనే. యుద్ధం అయ్యాక ఆ డాక్టర్లను నిర్బంధించారు. జూలైలో ప్రెస్‌మీట్‌లో కూర్చోబెడితే, మేం చెప్పిన లెక్కలు తప్పు అన్నారు. ఆ వార్తకు మాత్రం చోటు దొరికింది. పదిహేనేళ్లు దాటినా ఆ పేజీ నా కళ్లముందు నుంచి పోదు.

యుద్ధం జరుగుతున్న చోటికి విలేకరులను స్వేచ్ఛగా వెళ్లనివ్వలేదు. ఐక్యరాజ్యసమితి సిబ్బందిని 2008 సెప్టెంబర్‌లోనే పులుల చేతిలో ఉన్న ఉత్తర లంక ప్రాంతం వన్ని నుంచి పంపించేశారు. కొలంబోలో గట్టిగా రాసే ఎడిటర్ లసంత విక్రమతుంగను 2009 జనవరి 8న పట్టపగలు రోడ్డు మీద చంపేశారు. తన చావుకు కారణం ఏమై ఉంటుందో ముందే రాసిపెట్టుకున్న సంపాదకీయం మూడు రోజులకు అచ్చయింది. ఇంత చేసినా సంగతి బయటికొచ్చింది. గుంతల్లో ఉన్నవాళ్లు తీసుకున్న వీడియోలు వచ్చాయి, గెలిచిన సైనికులు గొప్పకు తీసుకున్న ఫోన్ వీడియోలూ వచ్చాయి. బ్రిటన్‌లో ఛానెల్ 4 వాటిని ఒక్కొక్కటి పరీక్ష చేయించి 2011 జూన్‌లో ప్రసారం చేసింది. ప్రభాకరన్ కొడుకు బాలచంద్రన్‌కు పన్నెండేళ్లు. ఎదురుకాల్పుల్లో పోయాడని చెప్పారు. 2013లో ఫోటోలు బయటపడ్డాయి. ఒకదాంట్లో బంకర్‌లో కూర్చుని ఏదో తింటున్నాడు, ఇంకోదాంట్లో గుండె మీద తూటా గాయాలు. కొన్ని గంటల తేడాతో ఒకే కెమెరాతో తీసినవని నిపుణులు తేల్చారు. నేను డెస్కులో ఉన్నన్నాళ్లూ ఇలాంటి పని ఒక్కటి చేయలేదు. చేసినవాళ్లకు దండం పెడతాను.

గాదంకి టోల్‌గేటు దగ్గర ఆయన సెల్‌ఫోన్ తీశాడు. ఛానెల్ 4 చూపించిన ఆ వీడియోనే. ఒకచోట ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. టార్పాలిన్ పట్టాలు, పరుగెత్తే ఆడవాళ్లు, మొహాలు చెదిరి చుక్కలు చుక్కలుగా కనిపిస్తున్నాయి. ఒకామె కొంగు మీద వేలు పెట్టాడు.

"ఇది నా తంగచ్చి కాదు. ఇట్లాంటి చీర ఉండేది దానికి."

ఎన్నిసార్లు చూశారని అడిగాను. లెక్క లేదన్నాడు. ఇది రాకముందు శిబిరానికొచ్చే ఒక ఉద్యోగి, అక్కడ మామూలు జనం ఎవరూ చావలేదంట గదా, మీవాళ్లు ఎక్కడో బతికే ఉంటార్లే అనేవాడట. లంక ప్రభుత్వం అప్పట్లో చెప్పిన మాటా అదే, ఒక్క పౌరుడికీ హాని జరగలేదని. 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని 2011లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం రాసింది. పారిపోతున్న సొంత జనాన్ని పులులు కాల్చారని కూడా అదే నివేదికలో ఉంది. ఆ రెండో సంగతి చెబితే కోపం వస్తుందేమో అనుకున్నాను. "నిజమే కదా తంబీ, పెద్దవాడిని తీసుకుపోయింది వాళ్లే" అన్నాడు.

తిరుపతి బస్టాండు నుంచి కపిలతీర్థానికి ఆటో 150 అడిగాడు. ఉన్నదే మూడు కిలోమీటర్లు. బేరమాడే ఓపిక లేక ఇద్దరం ఎక్కేశాం. ఆయన వచ్చింది చెల్లెలి వాళ్లకు తర్పణం వదలడానికే. నా తర్పణం మర్నాడే అయినా ఆయనతో వెళ్లాలనిపించింది. వానలు పడ్డాయేమో, కొండ మీంచి నీళ్లు బాగానే దూకుతున్నాయి. గట్టు మీద పురోహితుడు అరిటాకు ముక్క పరిచి, గోత్రం అడిగాడు. శివగోత్రం. తిథి? నేను తెలుగులో చెప్పబోయాను, కచ్చితంగా తెలియదని.

"తెలీకపోతే రేపు రావల్ల సామీ. అమావాస్య నాడు తిథి తెలీనోళ్లందరికీ పెట్టొచ్చు."

పెద్దాయనకు అర్థమైంది. రేపు వద్దు, ఈరోజే కావాలన్నాడు. వచ్చీరాని తెలుగులో, "ఈరోజు చతుర్దశి. ఆయుధంతో పోయినవాళ్లకు ఈరోజు" అన్నాడు. పురోహితుడు ఆయన వైపు ఒక్క క్షణం చూశాడు.

"ఎట్ల పోయినారు?"

"షెల్."

ఇంకేమీ అడగలేదు. దర్భ ఇచ్చాడు. సంచిలోంచి పెద్దాయన నువ్వుల పొట్లం తీశాడు, పాత తమిళ పేపరు ముక్కలో కట్టింది. చెల్లెలి పేరు, బావ పేరు, చిన్నపిల్లలిద్దరి పేర్లు. పెద్దవాడి పేరు దగ్గర ఆగాడు. వాడు పోయాడో బతికున్నాడో ఏ కాగితం మీదా లేదు. చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. నాకేం తెలుసు? తల అడ్డంగా ఊపి ఆ పేరు వదిలేశాడు.

చివర్లో ఎవరూ లేనివాళ్లకు వదిలే నీళ్లు ఉంటాయి కదా, తల్లీ తండ్రీ బంధువూ లేనివాళ్లకు. పురోహితుడు ఆ మంత్రం అలవాటుగా గబగబా చదివేశాడు. పెద్దాయన అర్థం అడిగితే తమిళంలో చెప్పాను. మళ్లీ ఒకసారి నిదానంగా చదవమని బతిమాలాడు. పక్క గుంతల్లో ఉన్నవాళ్ల పేర్లు తనకు తెలియవట.

మధ్యాహ్నం వేలూరు బస్సు ఎక్కించాను. మే 9 ఫోన్ సంగతి రాసుకోనా అయ్యా, మీ పేరు రాయను అన్నాను.

"ఓం" అన్నాడు. "దాని పేరు రాయి."

బస్సు కదిలింది. శిబిరంలో ఉన్న మనిషి చెల్లెలి పేరు ఇక్కడ రాస్తే ఆయనకేమవుతుందోనని ఇంకా ధైర్యం చాలలేదు. నా డైరీలో మాత్రం రాసి పెట్టుకున్నాను, పక్కన తేదీ వేసి.