ఉడుకుమోతు (నేను కాదు)

రాత్రి 11 దాటింది. ఈయన గురక మొదలై గంటయింది. నాకు మాత్రం మధ్యాహ్నం గుత్తివంకాయ ఇంకా అరగలేదు. కూర కాదు, దాని మీద పడ్డ మాట.

మా ఆడపడుచు వచ్చిన ఆదివారం ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. మొదటి ముద్ద కలుపుకుంటూనే, "వదినా, కూర బ్రహ్మాండం. ఈ నూనె పిండుకుంటే వారం రోజులు దీపం పెట్టుకోవచ్చు" అంది. అందరూ నవ్వారు. నేను పెరుగు గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లాను. నిజంగా పెరుగు కోసమే. తిరిగి వచ్చేసరికి ఈయన, "మీ వదిన ఉడుకుమోతు, చూసి మాట్లాడు" అంటున్నారు. మాట ఆవిడది, పేరు నాకు.

అప్పటినుంచీ ఈ పదాన్నే నములుతున్నాను. అన్నం ఉడుకుతుంది, పప్పును మనం ఉడికిస్తాం, మనిషి మాత్రం ఉడుక్కుంటాడు. ఆ 'కొను' చేరడంతోనే నేరమంతా మన నెత్తికెక్కింది. ఎవరో పొయ్యి కింద పుల్ల ఎగదోశారన్న సంగతి మాయం. నొచ్చుకున్నామంటే ఎదుటివారు కాస్త తగ్గుతారు. అలిగితే బతిమాలతారు. ఉడుక్కుంటే మాత్రం ఇంకా నవ్వుతారు. పోనీ, ఉడికించేవాళ్లకు ఇంత చక్కని పేరు ఒక్కటైనా ఉందా? భోజనాలయ్యాక పెద్దవాడిని అడిగితే, "ఆడపడుచు అనే మాట ఉందిగా అమ్మా" అన్నాడు. ఇవాళ నేను నవ్వింది అప్పుడొక్కసారే.

మా చిన్నత్త పెళ్లి గుర్తొచ్చింది. నాకు 9 ఏళ్లు. అలకపాన్పు రోజు మామయ్య మంచం మీద కూర్చుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. వాళ్లమ్మ తొడపాశం పెట్టి, "ముఖం అటు తిప్పుకోరా, అలగాలి" అని నేర్పింది. గోడవైపు తిరిగాడు గానీ భుజాలు నవ్వుతూనే ఉన్నాయి. చేతిగడియారం అడిగాడు. అది ముందే కొని నాయనమ్మ పెట్టెలో ఉందని పిల్లలందరికీ తెలుసు. అంతవరకూ బాగానే ఉంది. రాత్రి బంతిలో మా బాబాయి, "ఇకనైనా వేళకు వస్తారా బావగారూ?" అన్నాడు. మగపెళ్లివారు విడిదికి మూడు గంటలు ఆలస్యంగా దిగారు మరి. మామయ్య పెరుగన్నం కలపకుండానే విస్తరి ముందునుంచి లేచిపోయాడు.

ఈసారి మంచం ఎవరూ వేయలేదు. మావాళ్లు చాటుగా "ఉడుకుమోతు అల్లుడు దొరికాడు" అనుకున్నారు. వాళ్లవాళ్లేమో "మావాడికి రోషం ఎక్కువ" అని పైకే, కాస్త గొప్పగా చెప్పుకున్నారు. మామయ్య పెరట్లో బావి గట్టు మీద చీకట్లో కూర్చున్నాడు. నాయనమ్మ గ్లాసుడు మజ్జిగ తీసుకెళ్లి పక్కన పెట్టి, తనూ అక్కడే చతికిలబడింది. బతిమాలలేదు, బాబాయిని తిట్టలేదు, మామిడిచెట్టు ఈసారి సరిగా కాయలేదని ఏదో చెబుతూ కూర్చుంది. కాసేపటికి గ్లాసు ఖాళీ అయింది. నేను తలుపు వెనకనుంచి చూశాను.

మొన్నటిదాకా ఇది తలుచుకుని మామయ్యను చూసి నవ్వేదాన్ని. ఇవాళ మాత్రం ఆ బావి గట్టు మీద నాకూ కాస్త చోటుంటే బాగుండుననిపించింది.

ఇంతా రాసి పైనుంచి చదువుకుంటే వేరే అనుమానం వస్తోంది. ఒక్క మాటకు ఇన్ని పేరాలా? బాబాయి అన్నదాంట్లో అబద్ధం లేదు, వాళ్లు ఆలస్యంగానే వచ్చారు. మరి నూనె? కారం పెట్టిన కాయలు అడుగంటుతున్నాయని చివర్లో ఇంకో రెండు గరిటెలు పోసింది నేనే. మూకుడు కడుగుతున్నప్పుడు చేతికి తెలిసింది. నిజం కాబట్టే ఇంత మండిందేమో. అలాగని అందరి ముందూ అనాలా?

అన్నట్టు, మిగిలిన కూరంతా ఆవిడే డబ్బాలో పెట్టించుకుని వెళ్లింది. "నీ చేతి వంకాయ ఇంకెవరికీ రాదు వదినా" అని గుమ్మంలో అంది కూడా. ఆ స్టీలు డబ్బాకు జత సంక్రాంతికి వెళ్లింది, ఇంకా తిరిగి రాలేదు. రేపు ఫోను చేసి అడగాలి. అడిగితే ఏమంటారో తెలుసు. ఈయన చేత అడిగిస్తాను.