తాతయ్య తెచ్చిన తుపాకీ

మామయ్యగారు సూట్‌కేసు తెరిచి, అడుగున తువ్వాలులో చుట్టిపెట్టిన పొట్లం తీసి మావాడి చేతిలో పెట్టారు. రెండేళ్ళుగా ఫోన్‌లోనే చూస్తున్న మనవడు. అమెరికాలో విమానం దిగి ఐదు గంటలు కూడా కాలేదు, నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా వాడు ఆ పొట్లం విప్పేదాకా పడుకోనన్నారు. వాడు విప్పాడు. లోపల నల్లటి పిస్తోలు. రేకుతో చేసింది, చేతికి బరువుగా ఉంది. మేం చిన్నప్పుడు దీపావళికి రీళ్ళు పెట్టి కాల్చిన తుపాకీ లాంటిదే.

మావాడికి అప్పుడు ఐదేళ్ళు. కిండర్‌గార్టెన్‌లో చేరి రెండు నెలలైంది. "ఇలా ఇవ్వు నాన్నా, ఎలా కాల్చాలో చూపిస్తా" అని మామయ్యగారు దాన్ని తీసుకుని, గోడవైపు గురిపెట్టి, నోటితో "ఢిష్యుం" అన్నారు.

వాడు నవ్వలేదు. గోడకీ సోఫాకీ మధ్య ఉన్న సందులోకి వెళ్ళి, మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని కూర్చున్నాడు. పెదవుల మీద వేలు పెట్టుకుని, "తాతయ్యా, మాట్లాడకూడదు. లైట్ ఆపెయ్యి" అన్నాడు.

ఆయనకి ఏమీ అర్థం కాక నావైపు చూశారు. నాకు అర్థమైంది. అంతకు ముందు వారమే బళ్ళో లాక్‌డౌన్ డ్రిల్ చేయించారు, అంటే ఎవరైనా తుపాకీతో బళ్ళోకి చొరబడితే ఎలా దాక్కోవాలో సాధన. తలుపుకి తాళం వేసి, లైట్లు ఆర్పి, కిటికీలోంచి కనబడని మూలకి పిల్లలందర్నీ చేర్చి, చప్పుడు చేయకుండా కూర్చోబెడతారు. టీచరు వాళ్ళకి తుపాకీ అన్న మాట చెప్పలేదు, "బళ్ళోకి రాకూడనివాళ్ళు ఎవరైనా వస్తే" అని మాత్రమే చెప్పిందట. మిగతాది బస్సులో పెద్ద పిల్లలు చెప్పేశారు.

ఆ సంగతి మామయ్యగారికి వివరించాల్సి వచ్చింది. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. పిస్తోలుని మళ్ళీ తువ్వాలులో చుట్టి, "ఇంత చిన్నపిల్లలకి ఇదేం చదువమ్మా" అన్నారు. మనవడి కోసం ముచ్చటపడి అంతదూరం మోసుకొచ్చిన మనిషి. ఆయన మొహం చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది.

ఆ రాత్రి మావారు నాతో అన్న మాట ప్రతి తెలుగింట్లోనూ వినబడేదే. "మేమంతా తుపాకులతో ఆడుకున్నవాళ్ళమే కదా, ఎవరు రౌడీలయ్యారు?" నిజమే. నేనూ మా అన్నయ్యతో పోటీపడి రీళ్ళు కాల్చాను. బొమ్మ తుపాకీ పట్టుకున్నంత మాత్రాన పిల్లవాడు దుర్మార్గుడైపోతాడని నేను నమ్మను, ఇప్పటికీ నమ్మను. కానీ మన చిన్నప్పుడు ఆ తుపాకీ ఎందుకంత నిరపాయంగా ఉండేదో కూడా ఆలోచించాలి. మనం నిజమైన తుపాకీ చూసిందల్లా బ్యాంకు దగ్గర గార్డు భుజాన, లేకపోతే పోలీసుల చేతిలో. చిన్నపిల్లాడి చేతిలో తుపాకీ కనబడితే అది నిజమైందేమో అన్న అనుమానం వీధిలో ఏ ఒక్కరికీ వచ్చేది కాదు.

ఇక్కడ అలా కాదు. అమెరికాలో జనాభా కంటే తుపాకులే ఎక్కువ. 2020 నుంచి ఈ దేశంలో 1 నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లల మరణాలకు మొట్టమొదటి కారణం తుపాకులే, కారు ప్రమాదాలు కూడా వాటి తర్వాతే. ఇలాంటి చోట పిల్లవాడి చేతిలో ఉన్నది బొమ్మో కాదో చూసేవాళ్ళు ఆగి ఆలోచించరు.

2014 నవంబరు 22న ఓహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే 12 ఏళ్ళ నల్లజాతి పిల్లవాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఆడుకుంటున్నాడు. ప్లాస్టిక్ గుళ్ళు పేల్చేది. చూసినాయన ఒకరు పోలీసులకు ఫోన్ చేశాడు, అది బొమ్మదే అయ్యుండొచ్చని కూడా చెప్పాడు. ఆ మాట బయల్దేరిన పోలీసులకు చేరలేదు. కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే కాల్చేశారు. మర్నాడు ఆ పిల్లవాడు చనిపోయాడు. ఆ పిస్తోలుకి ఉండాల్సిన నారింజరంగు మొన తీసేసి ఉంది. ఇది తలుచుకున్న ప్రతిసారీ నాకు మావాడి చేతులే కనిపిస్తాయి. వాడిది చామనఛాయ. ఇప్పుడు వాడు ముద్దొచ్చే ఐదేళ్ళవాడే కావచ్చు. పన్నెండేళ్ళు వచ్చేసరికి నా భుజం దాటి పెరుగుతాడు, అప్పుడు వాణ్ణి దూరం నుంచి చూసే పరాయివాళ్ళకి ఏం కనబడుతుందో నా చేతిలో లేదు.

నారింజ మొన అంటే తెలియనివాళ్ళకి చెప్తాను. 1988లో అమెరికా పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, నిజమైనదానిలా కనిపించే బొమ్మ తుపాకీ గొట్టం చివర కొట్టొచ్చినట్టు కనిపించే నారింజరంగు ఉండాలి, లేదా బొమ్మ మొత్తం పారదర్శకంగానో, కళ్ళకి కొట్టే మెరుపు రంగుల్లోనో ఉండాలి. న్యూయార్క్ నగరం ఇంకా ముందుకు వెళ్ళి నలుపు, ముదురు నీలం, వెండి రంగుల్లో నిజమైనదాన్ని పోలిన బొమ్మ తుపాకుల అమ్మకాన్నే నిషేధించింది. మనవైపు నుంచి వచ్చే తుపాకులకి ఈ గుర్తులేవీ ఉండవు. మామయ్యగారు తెచ్చినదానికీ లేదు.

కాబట్టి ఆ పిస్తోలు అల్మారా పైకెక్కింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇంట్లో తుపాకులు లేవు, తుపాకీ ఆట లేదు, ఆ మాటే ఎత్తొద్దు అని వాడికి గట్టిగా చెప్పేశాను. నేను చేసిన పొరపాటు అదే.

మూడు వారాల తర్వాత బడి నుంచి ఫోన్. ఆ నంబరు స్క్రీన్ మీద కనబడగానే వచ్చే టెన్షన్ ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న అమ్మలందరికీ తెలుసు. మావాడు ఆటస్థలంలో వేళ్ళు తుపాకీలా పెట్టి, తోటి పిల్లల్ని కాలుస్తున్నట్టు ఆడాడట. ఇంకొకసారి జరిగితే రికార్డులో రాస్తామన్నారు. ఇక్కడి బళ్ళు ఇంత కఠినంగా ఉండటానికి వెనక ఒక కథ ఉంది. బడికి నిజమైన తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాదిపాటు బహిష్కరించాలని 1994లో ఫెడరల్ చట్టం వచ్చింది. తర్వాత చాలా స్కూళ్ళు ఆ పట్టుదలని బొమ్మల దాకా, బొమ్మల నుంచి వేళ్ళ దాకా తెచ్చాయి. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఐదేళ్ళ పిల్లవాడి వేలికి రికార్డు రాయడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

ఇంటికి తీసుకొచ్చి, పాలిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "ఏం ఆట నాన్నా అది?"

"మేం మూల కూర్చుంటాం కదా. అప్పుడు బ్యాడ్ గై వస్తాడు. నేను ముందుకెళ్ళి కాల్చేస్తా. అప్పుడు అందరూ బయటికి రావచ్చు. టీచర్ కూడా."

వాణ్ణి దగ్గరికి తీసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. చీకట్లో, చప్పుడు చేయకుండా, ఏం చేయడానికీ వీల్లేకుండా కూర్చున్న పిల్లవాడు ఆటలో లేచి నిలబడ్డాడు. వాడి భయాన్ని వాడికి వచ్చిన ఒకే ఒక్క పద్ధతిలో తీర్చుకుంటున్నాడు. నేనేమో ఆ ఆటని కూడా లాగేసుకున్నాను.

ఆ రోజు నుంచి నేను రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకున్నాను. ఆట వేరు, వస్తువు వేరు. పోరాటం ఆట పిల్లలు ఎలాగూ ఆడతారు. బొమ్మలన్నీ దాచేస్తే పుల్లతో, పుల్ల లాక్కుంటే వేలితో ఆడతారు. ఈ సంగతి చిన్నపిల్లల బడుల్లో పనిచేసేవాళ్ళు ఎప్పట్నుంచో చెప్తున్నారు. 2007లో బ్రిటన్ ప్రభుత్వం నర్సరీలకి ఇచ్చిన సూచనల్లో కూడా, మగపిల్లలు ఆయుధాల ఆట ఆడితే వెంటనే ఆపేయకుండా ఆ ఆటని చదువుకీ ఊహకీ ఉపయోగపడేలా మలచమని ఉంది. స్వీడన్‌లో మాత్రం యుద్ధం బొమ్మలు అమ్మకూడదని 1979లోనే బొమ్మల వ్యాపారులు ఒప్పందం చేసుకున్నారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదనే నాకనిపిస్తుంది. స్వీడన్ వస్తువుని ఆపింది, బ్రిటన్ ఆటని వదిలింది. మా ఇంట్లోనూ ఇప్పుడు అంతే. తుపాకీలా కనిపించే బొమ్మ ఏ రంగులోదైనా కొనం. నీళ్ళ తుపాకీ కావాలంటే చేపలానో ఏనుగులానో ఉన్నది తెస్తాం. పుల్లలు, అట్టకత్తులు, నురగతో చేసిన గదలు ఎన్నైనా ఉండొచ్చు. ఆడనివాళ్ళ మీదికి గురిపెట్టకూడదు, చాలు అంటే ఆపాలి. ఏదీ బడి సంచిలోకి వెళ్ళకూడదు. ఈ చివరిది రోజూ పొద్దున్న నేనే చూసుకుంటాను.

ఇదంతా తేలుతుండగా వాడు అడిగిన ప్రశ్న ఒకటి నన్ను ఇరుకున పెట్టింది. పూజగది ముందు నిలబడి, "రాముడి దగ్గర ఉన్నది వెపన్ కాదా అమ్మా? మా టీచర్ వెపన్స్ బ్యాడ్ అంది" అన్నాడు. రాముడికి విల్లు, కృష్ణుడికి చక్రం, హనుమంతుడికి గద, అమ్మవారికి పద్దెనిమిది చేతుల నిండా ఆయుధాలే. బళ్ళో ఒక మాట, ఇంట్లో ఇంకో మాట చెప్పి పిల్లవాణ్ణి మధ్యలో నిలబెట్టడం నాకిష్టం లేదు. జవాబు నాకు వెంటనే తట్టలేదు. మామయ్యగారికి తట్టింది.

ఆయన వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని యుద్ధకాండలో కథ చెప్పారు. రాముడితో మొదటిసారి తలపడినరోజు రావణుడి రథం విరిగింది, విల్లు పోయింది, కిరీటం కిందపడింది. చేతిలో ఏమీ లేదు. రాముడు ఒక్క బాణం వేస్తే అయిపోయేది. వేయలేదు. "అలిసిపోయావు, ఇవాళ పోయి రేపు రా" అన్నాడు. "ఎందుకు తాతయ్యా?" "చేతిలో ఏమీ లేనివాణ్ణి కొట్టకూడదు కాబట్టి." వాడు ఆ కథ ఆ రోజు నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. మర్నాడు పెరట్లో ఎండిన కొమ్మ వంచి, నూలుతాడు కట్టి, తాతయ్య వాడికి విల్లు చేసిచ్చారు. బాణం కొసకి పాత సాక్సు చుట్టి దారంతో గట్టిగా కట్టారు.

ఇంకొక పని మిగిలింది, అది నాకు అన్నిటికంటే కష్టమైంది. వాణ్ణి ప్లేడేట్‌కి, అంటే తోటి పిల్లల ఇంటికి ఆడుకోవడానికి, పంపే ముందు ఆ ఇంటివాళ్ళని "మీ ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి ఉందా" అని అడగడం. మనకి మొహమాటం ఎక్కువ. పిల్లాడికి పల్లీలు పడవని చెప్పడానికి వెనకాడం గానీ, ఇది అడిగితే ఏమనుకుంటారో అని నోరు పెగలదు. పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాత్రం అడగమనే చెప్తుంది. ఇంట్లో తుపాకీ ఉంటే గుళ్ళు తీసేసి తాళం వేసి ఉంచాలి, గుళ్ళని వేరేచోట తాళం వేసి పెట్టాలి. పిల్లలకి "ముట్టుకోవద్దు" అని నేర్పితే చాలదా అనుకునేదాన్ని. 2001లో అదే సంస్థ పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటి చదివాక ఆ నమ్మకం పోయింది. 8 నుంచి 12 ఏళ్ళ అబ్బాయిలు 64 మందిని చిన్న చిన్న జట్లుగా ఒక గదిలో ఉంచారు. ఆ గదిలో సొరుగులో పేలకుండా చేసిన నిజమైన పిస్తోలు పెట్టారు. చాలా జట్లు దాన్ని కనిపెట్టాయి, చేతుల్లోకి తీసుకున్నాయి, కొందరు ట్రిగ్గర్ నొక్కారు. వాళ్ళలో దాదాపు అందరూ తుపాకుల జాగ్రత్తల గురించి ఎప్పుడో ఒకప్పుడు విన్నవాళ్ళే. దాన్ని చూసినవాళ్ళలో దాదాపు సగం మంది అది బొమ్మే అనుకున్నారు, లేదా బొమ్మో నిజమైందో తేల్చుకోలేకపోయారు.

తాతయ్య తెచ్చిన నల్ల పిస్తోలు నాకు మళ్ళీ గుర్తొచ్చింది. దానితో రోజూ ఆడుకున్న పిల్లవాడికి ఇంకొకరి ఇంట్లో సొరుగులో అలాంటిదే కనబడితే ఏం చేస్తాడు?

మొదటిసారి ఆ మెసేజ్ రాసి, చెరిపి, మళ్ళీ రాశాను. పక్కవీధి అమ్మాయి వాళ్ళ అమ్మకి. పది నిమిషాలకి జవాబొచ్చింది. ఉందట, సేఫ్‌లో తాళం వేసి ఉంటుందట, తాళం ఎక్కడుందో పిల్లలకి తెలియదట. అడిగినందుకు థాంక్స్ చెప్పి, మా ఇంటి సంగతి కూడా అడిగింది. తనకి ఇన్నాళ్ళూ అడగాలని ఉన్నా ఎలా అడగాలో తెలియలేదట.

మామయ్యగారు తిరుగు ప్రయాణానికి సామాను సర్దుకుంటూ ఆ పిస్తోలుని తువ్వాలుతో సహా పెద్ద సూట్‌కేసు అడుగునే పెట్టుకున్నారు. బొమ్మదైనా చేతిసంచిలో ఉండకూడదని మావారు రెండుసార్లు గుర్తుచేశారు. ఆయన చేసిచ్చిన విల్లు మాత్రం ఇక్కడే ఉంది. తాడు రెండుసార్లు మార్చాం.

మొన్న శనివారం ఆ పక్కవీధి అమ్మాయీ, ఇంకో ఇద్దరూ మా పెరట్లో ఆడుతున్నారు. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. పరుగులో మావాడి చేతిలోంచి విల్లు జారి కిందపడింది. ఆ అమ్మాయి అట్టకత్తి పైకెత్తి వాడి మీదికి వచ్చి, ఖాళీ చేతులు చూసి ఆగిపోయింది. కత్తి కిందికి దించి, తనకి రాని భాషలో, వాడు నేర్పినట్టే, గట్టిగా అరిచింది. "రేపు రా!"