తాతయ్య కంప్యూటరు, మా అబ్బాయి తెలుగు

మేము మెల్‌బోర్న్‌లో స్థిరపడి 14 ఏళ్లయింది. అక్కడి బడులకు డిసెంబరు చివరి నుంచి జనవరి చివరిదాకా వేసవి సెలవులు కనుక, పిల్లలతో సంక్రాంతికి గుంటూరు రావడం మాకు వీలవుతుంది. ఈసారి మా 12 ఏళ్ల అబ్బాయి తన పొదుపు డబ్బుతో తాతయ్య కోసం 8 జీబీ ర్యామ్, అంటే కంప్యూటరు పని చేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ ముక్క, ఒకటి కొని, పెట్టెలో బట్టల మధ్య భద్రంగా దాచి తెచ్చాడు. బ్రాడీపేటలోని ఇంట్లో నాన్నగారి కంప్యూటరు 4 జీబీతో నత్తనడక నడుస్తోందని విన్నప్పటి నుంచి వాడికి అదే ధ్యాస. ర్యామ్‌లో డీడీఆర్3 అనే రకానికి 240 పిన్నులు, దాని తరువాతి రకం డీడీఆర్4కి 288 ఉంటాయనీ, గాడి కూడా వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని చోట మరొకటి పట్టదనీ, తాతయ్యది డీడీఆర్4 అని ముందే చూసుకున్నాననీ నాకు ఎంతో శ్రద్ధగా వివరించాడు. అదంతా ఇంగ్లీషులోనే.

నా బాధ అదే. వాడికి గుణింతాలు వచ్చు, శనివారం తరగతిలో నేర్చుకున్న రెండు పద్యాలూ వచ్చు. కానీ తనకై తాను చెప్పాలనుకున్న మాట ఏదైనా ఉంటే అది ఇంగ్లీషులోనే పుడుతుంది. తాతయ్యతో ఫోనులో మాట్లాడుతున్నప్పుడు నేను పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా అందించేదాన్ని.

భోగికి ముందు రోజు వాడు కొత్త ర్యామ్‌ను పాతదాని పక్కన బిగించి మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది, లోపలి నుంచి పొడుగాటి బీప్‌లు వినిపించాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. తాతయ్య కంప్యూటరును చేజేతులా పాడుచేశానని వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను రిపేరు షాపుకు ఫోను చేయబోతుంటే నాన్నగారు వారించారు.

నాన్నగారు విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశారు. ర్యామ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, కానీ పని ఏ వరుసలో చేయాలో తెలుసు. గోడ దగ్గర స్విచ్చి ఆపించి, ప్లగ్గు పీకించి, "తీసినాక కూడా కరెంటును నమ్మకూడదు నాన్నా" అని, లోపల మిగిలిన చార్జి పోయేలా పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోమన్నారు. చేతిలోని స్థిర విద్యుత్తు చిప్పులను దెబ్బతీస్తుందని వాడికి తెలుసు. కంప్యూటరు ఇనుప పెట్టెను ముట్టుకుని గానీ లోపల చెయ్యి పెట్టలేదు. అది చూసి ఆయన మెచ్చుకున్నారు.

"కొత్తగా ఏం మార్చావో అదొక్కటే వెనక్కి తియ్యి" అన్నారు. కొత్తది తీసి పాతదానితో మొదలుపెడితే తెర వెలిగింది. అంటే ర్యామ్ బిగించే బోర్డు పనిచేస్తోంది. ఇక ముఖ్యమైన అనుమానాలు రెండు, కొత్త ముక్కలో లోపం ఉండాలి, లేదా బిగించిన తీరులో. ఇక్కడి నుంచి నేను అక్కడ లేనట్టే వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. "లాచ్ పడింది కదా తాతయ్యా, మరి ఎందుకు రావట్లేదు?" అని వాడు అడిగాడు. దాన్ని కొక్కెం అంటారని చెప్పి, ఆయన టార్చి వేసి వంగి చూశారు. ఆ బోర్డులో కొక్కెం ఒక వైపే ఉంది. ఆ వైపు కుదురుకుంది కానీ, కొక్కెం లేని చివర వెంట్రుకవాసి పైకి లేచి ఉంది, బంగారు పూత గీత అక్కడ సన్నగా కనిపిస్తోంది.

ముక్కను బయటికి తీసి, గాడి సరిచూసుకుని, రెండు చివరలా బొటనవేళ్లతో సమంగా నొక్కితే గట్టిగా కూర్చుంది. అయినా మీట నొక్కాక తెర వెంటనే వెలగలేదు. వాడు మళ్లీ ఆపబోతుంటే నాన్నగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ ఆగడం మంచిదే అయింది, ఎందుకంటే మెమరీ మారాక బోర్డు దానితో పొత్తు కుదుర్చుకోవడానికి మొదటిసారి కొంత సమయం తీసుకుంటుంది. కాసేపటికి తెర వెలిగింది, లెక్కలో 12 జీబీ కనిపించింది.

ఆ రాత్రి మెమరీ పరీక్ష పెట్టి, అది ఎందుకు చేయాలో తాతయ్యకు వాడే చెప్పాడు. విభక్తులు తప్పాయి, రెండు చోట్ల మాట దొరకక చేతులతో చూపించాడు. నేను నోరు విప్పలేదు. ఇన్నాళ్లూ మాట అందించి సాయపడుతున్నాననుకున్నాను. నిజానికి వాడు వెతుక్కోవలసిన మాటను నేనే లాక్కున్నాను.

మెల్‌బోర్న్ తిరిగి వచ్చాక ఆదివారాలు వాడే తాతయ్యకు ఫోను చేస్తున్నాడు. కంప్యూటరు సంగతి రెండు నిమిషాల్లో అయిపోతుంది. తరువాత ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు, నేను పక్క గదిలో ఉంటాను.