యూజీసీ నెట్ పరీక్షలో మ్యూజిక్: ఈజిప్టు వాద్యాలు నేనెందుకు చదివానంటే

రిజల్ట్ వచ్చింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొట్టాను! "ఎలా చదివావన్నా" అని అడుగుతున్న వాళ్లందరికీ ఒకేసారి రాస్తున్నా.

అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ వన్‌కు పాత పేపర్లు చేయండి, చాలు. ఇక మ్యూజిక్ పేపర్‌లో రాగాలు, తాళాలు, వాగ్గేయకారులు మీకు తెలిసినవే. పోయినసారి నన్ను దెబ్బతీసింది వాద్యాల వర్గీకరణ. తత (తీగ మోగేవి), సుషిర (గాలి మోగేవి), అవనద్ధ (తోలు మోగేవి), ఘన (వాద్యం ఒళ్లే మోగేవి) అని నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. ప్రపంచ వాద్యాలన్నిటినీ వర్గీకరించడానికి హార్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు వేసిన 1914 నాటి పద్ధతితో జతపరచమంటే మాత్రం టెన్షనే.

వీణ, మృదంగం పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తే పేరు వినగానే జవాబు వచ్చేస్తుంది, బుర్రకు పనుండదు. అందుకే అసలు పరిచయమే లేని ప్రాచీన ఈజిప్టు వాద్యాలు పట్టుకున్నా.

హాథోర్ దేవత పూజలో ఊపే సిస్ట్రమ్ చూడండి. పిడి, పైన చట్రం, దానికి అడ్డంగా వదులుగా దూర్చిన లోహపు కడ్డీలు. ఊపితే గలగలమంటుంది. తీగ లేదు, తోలు లేదు, ఊదేది లేదు. కాబట్టి ఘనం. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన వెండి బాకానూ లోహమే కదా అని ఘనంలో వేస్తే మార్కు పోయినట్టే. అందులో మోగేది గాలి. 1939లో బీబీసీ దాన్ని ఊదించి రేడియోలో వినిపించింది కూడా.

అసలు చిక్కంతా హార్ప్, లైర్ అనే రెండు తీగ వాద్యాల దగ్గరే. ఈజిప్టు హార్ప్ మెడ విల్లులా వంగి ఉంటుంది, తీగలు కుండ (కింద ధ్వనిని పెంచే డొల్ల భాగం) పైకప్పు నుంచి ఆ మెడకు లేస్తాయి. లైర్‌కు రెండు చేతులు, వాటి మీద అడ్డకర్ర; తీగలు పైకప్పుకు సమాంతరంగా పోతాయి. ఈజిప్టులోని బెని హసన్‌లో ఒక సమాధి గోడ మీద, పడమటి ఆసియా నుంచి వస్తున్న గుంపులో ఒకడి చేతిలో లైర్ ఉంటుంది. ఈ తేడా కంటికి పట్టాక, అమరావతి శిల్పాల్లోని విల్లు వీణ, సముద్రగుప్తుడి నాణెం మీది వీణ హార్ప్ జాతివేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"సిలబస్‌లో లేనిదానికి అంత టైమా" అని నవ్వినవాళ్లున్నారు. హార్న్‌బోస్టెల్, సాక్స్ ఆధారం చేసుకున్నది బ్రస్సెల్స్‌లో వాద్యాల మ్యూజియం చూసుకున్న మహియోన్ వేసిన పద్ధతిని. మహియోన్‌కు దారి చూపింది మన నాలుగు వర్గాలే. ఇక సిలబస్ బయట ఏముంది?

ఒక్క మాట. రోజూ పొద్దున్నే కూర్చోండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. మూడ్ వచ్చాక చదువుదామనుకుంటే నోటిఫికేషన్లు వస్తూనే ఉంటాయి, మూడ్ రాదు.

నోట్స్ పీడీఎఫ్ మాత్రం అడగొద్దు. మ్యూజియం సైట్లలో సమాధి చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, చూసి మీరే గీసుకోండి. ముందు హార్ప్ గీయండి.