సద్దికి నిలవని మన్నా

రాత్రి సంగటి మిగిలితే మన చిత్తూరు వైపు ఎవరూ పారేయరు. ముద్దను నీళ్లలో వేసి ఉంచి, పొద్దున్నే మజ్జిగ పోసి పిసికి, ఉప్పు వేసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగితే మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం మన్నాకు మాత్రం ఈ సద్ది సదుపాయం లేదు. బైబిల్లో నిర్గమకాండం 16వ అధ్యాయం చూడండి. రోజుకు మనిషికి ఒక ఓమెరు, అంటే మన లెక్కలో సుమారు రెండు లీటర్ల కొలత. తెల్లవారేదాకా దాచుకున్నవాళ్ల పాత్రలో పురుగులు పట్టి కంపు కొట్టింది. ఎండ ఎక్కేసరికి నేల మీదిది కరిగిపోయింది. ఆరో రోజు మాత్రం విశ్రాంతి దినానికి కూడా కలిపి రెండు ఓమెర్లు ఏరుకున్నారు, అది చెడలేదు.

ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు, వాక్యం రుచించడం లేదు అనేవాళ్లలో చాలామందికి చిక్కు ఇక్కడే. ఆదివారం విన్నదాన్ని శనివారం దాకా సద్ది తాగాలని చూస్తారు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న, ఒక బైబిలు వచనం రాసి ఉండే వాగ్దానపు కార్డునైతే ఏడాదంతా. కార్డు మంచిదే, బైబిలు కవరులో పెట్టుకోండి. అయితే ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తాన్ని జనవరి 1నే చదవండి. మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే గాని హానికి కావు అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 ఎన్నో ఇళ్ల గోడల మీద కనిపిస్తుంది. దానికి పైనున్న 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలు గడిచాకే అన్న మాట ఉంది. బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరం అది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని 5వ వచనం చెబుతుంది. ఇది తెలిసినవాళ్లు మార్చికల్లా ఉద్యోగం రాలేదని దేవుడు మాట తప్పాడనుకోరు.

మరి రోజుకు ఎంత చదవాలి? బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు, కొన్ని రోజులు నాలుగు. ఆదికాండం కథలతో హాయిగా సాగుతుంది. జనవరి నాలుగో వారంలో ప్రత్యక్ష గుడారపు, అంటే అరణ్యంలోని ఆరాధన డేరా కొలతలు మొదలవుతాయి, నెలాఖరుకు బలుల నియమాలుండే లేవీయకాండం వస్తుంది. అదే సమయానికి ఊళ్లో పెళ్లో, పిల్లల పరీక్షలో అడ్డుపడి ఐదు రోజులు తప్పితే పదహారు అధ్యాయాల బాకీ. బాకీ చూసి భయపడి పుస్తకమే మూసేస్తారు. మొదటిసారి పూనుకునేవాళ్లకు ఆ పద్ధతి వద్దనే నేను గట్టిగా చెబుతాను. బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒక్కటి చదివితే 52 వారాల్లో సరిగ్గా అయిపోతుంది. శనివారం ఖాళీ, ఆదివారం గుడిలో చదివిన భాగమే మళ్లీ ఇంట్లో. 16 అధ్యాయాల మార్కు సువార్తతో మొదలుపెట్టండి, పరుగులా నడుస్తుంది. అధ్యాయం కూడా బరువనిపించే రోజులుంటే 119వ కీర్తన తీయండి. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రోజుకు ఎనిమిది వచనాలు ఎవరికైనా మింగుడుపడతాయి.

ఇరవై నిమిషాలు చాలు. మొదటి రెండు నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోండి. తర్వాత పైకి చదవండి. మన బైబిలు తెలుగు పాతది కాబట్టి కంటితో చదివితే జారిపోతుంది, చెవిన పడితే నిలుస్తుంది. ‘అతిశయించు’ లాంటి మాట తగిలితే ఆగండి. అక్కడ దాని అర్థం ఆశ్చర్యం కాదు, గొప్పగా చెప్పుకోవడం. పెన్సిల్‌తో ఒక్క వచనం కింద గీత గీసి, దాన్ని నోటుబుక్కులో సొంత చేత్తో రాయండి. దాని కిందే ఈ రోజు ప్రార్థించాల్సిన ఒక్క మనిషి పేరు. ఫోన్‌లో బైబిలు చదివేవాళ్లు ముందు నెట్ ఆపేయాలి, లేకపోతే మూడో వచనానికే వాట్సాప్ పిలుస్తుంది.

ప్రార్థనకు మాటలు దొరకకపోతే 13వ కీర్తన ఆరు వచనాలే. మొదటి రెండింట్లోనే పదేపదే ‘ఎంతవరకు, ఎంతకాలము’ అని దేవుణ్ణే నిలదీస్తాడు దావీదు. అలా అడగడం అవిశ్వాసమని మనలో కొందరు పెద్దలు మందలిస్తారు. ఆ మందలింపు నాకు సరి అనిపించదు. బైబిలే ఆ మాటలను మన నోటికి అందించింది.

అలసట సంగతి వేరు. బదరీవృక్షం కింద చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డి నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. ఆ తర్వాతే హోరేబు కొండకు ప్రయాణం, అక్కడే ‘ఇక్కడ ఏం చేస్తున్నావు’ అన్న దేవుని ప్రశ్న. రాత్రంతా నిద్రలేని తల్లి నాలుగింటికి లేచి మోకరించలేకపోతే ముందు నిద్రపోవాలి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్ట్ దిగి వచ్చేవాళ్లకూ అంతే. ఆదికాండం 1లో రోజు ‘అస్తమయమును ఉదయమును’ అని సాయంత్రంతోనే మొదలవుతుంది. నిద్ర లేచిన గంటే వాళ్లకు వేకువ.

లెంటు రోజుల ఉపవాసం గురించి ఒక్క మాట. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా 46 రోజులు, ఆదివారాలు తీసేస్తే 40. అవి సరిగ్గా తిరుపతి ఎండ ముదిరే రోజులు కాబట్టి నీళ్లు మానొద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా భోజనం మానకూడదు. బదులుగా సాయంత్రం టీవీ మానండి.

సాయంత్రం కుటుంబ ప్రార్థనకు పది నిమిషాలు మించనీయకండి. పాట ఒక చరణం, తలా రెండు వచనాలు, చిన్నపిల్లతో ముగింపు ప్రార్థన. ఇది చెడేది ఎక్కువగా నాన్న ప్రార్థన దగ్గరే. ‘ప్రభువా, వీడికి చదువు మీద శ్రద్ధ కలుగజేయుము’ అని పిల్లవాడి మార్కుల చిట్టా దేవుడికి వినిపిస్తే, మర్నాడు వాడికి ఆ వేళకే ట్యూషన్ గుర్తొస్తుంది. వాడి గురించి కృతజ్ఞతగా ఒక్క వాక్యం చెప్పండి. మందలించాల్సింది ఉంటే తర్వాత, ఒంటరిగా.

నాలుగు రోజులు తప్పిపోయిందా? వెనక్కి లెక్క కట్టకండి. పెన్సిల్ గీత ఎక్కడ ఆగిందో ఆ పేజీ తీసి, దాని తర్వాతి వచనం నుంచి చదవండి. మొన్నటి మన్నా కరిగిపోయింది, దాన్ని ఏరమని ఎవరూ అడగడం లేదు.