జీడి తిన్న చేతులు

పలాస జీడిపప్పు తిననివాళ్లు ఉండరు. ఆ పప్పు చుట్టూ ఉన్న పెంకులో నల్లటి నూనె ఉంటుందనీ, తగిలితే చర్మం కాలిపోతుందనీ పిక్క కోసేవాళ్లకే తెలుసు. మేం దాన్ని జీడి అంటాం. ఉడికించిన పిక్కని మెషిను మీద పెట్టి రెండు చెక్కలు చేస్తుంటే అది వేళ్ల సందుల్లోకి దిగుతుంది. బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటాం అందరం. పోయిన సీజనులో నాకు బొటనవేలి మొదట్లో నీటిపొక్కులు లేచాయి. అవి చితికి, అరచెయ్యంతా పొట్టు రేగిపోయింది. కణుపుల దగ్గర పగిలి నెత్తురొచ్చేది. పచ్చిమిరపకాయ తరిగితే ప్రాణం పోయేది. రేషనుకి వెళ్తే వేలిముద్ర పడలేదు, కన్ను చూపించి తెచ్చుకున్నాను.

మందుల షాపతను చెయ్యి వంక సరిగా చూడకుండానే ఒక ట్యూబు ఇచ్చాడు. రాస్తే తగ్గేది, ఆపితే రెట్టింపై వచ్చేది. అందులో క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంది. డాక్టరు చూడకుండా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. చీటీ లేకుండా ఇవ్వకూడదని అతనికి తెలియదా? శుభ్రంగా తెలుసు.

ఇంతలో మా వాళ్లింట్లో పెళ్లి. పప్పు వడ్డిస్తున్నాను. మా ఆయన మేనత్త నా చెయ్యి పట్టుకుని, "ఓలమ్మా, ఏటే ఈ చేతులు? పెద్దరోగంలాగుంది. సాలూరు తీసుకెల్లి సూపించండర్రా" అంది, బంతంతా వినేలా. సాలూరంటే కుష్టు ఆసుపత్రి అని మా వైపు అందరికీ తెలుసు. నా చేతిలో గిన్నె ఎవరో మెల్లగా తీసేసుకున్నారు. ఎవరో కూడా చూడలేదు నేను. బంతిలో ఉన్నవాళ్లలో ఒకావిడ విస్తరి పక్కకి జరుపుకోవడం మాత్రం చూశాను.

ఆ తరవాత కొన్నాళ్లకే ఆ రాత్రి వచ్చింది. వాన, కరెంటు లేదు, మా ఆయన చెన్నైలో పనికెళ్లారు. చలిజ్వరం మొదలైంది. పగుళ్లలో చీము పట్టి మణికట్టు దాకా వాచింది. సెల్లు వెలుగులో చూస్తే మణికట్టు నుంచి మోచేతి వైపు ఎర్రటి గీత పాకుతోంది. నొప్పిబిళ్ల ఇంట్లో ఉంది గానీ కిడ్నీకి చెడుపని అత్త వేసుకోనివ్వలేదు. మాది ఉద్దానం. ఇక్కడ ఏ జబ్బొచ్చినా మొదటి భయం కిడ్నీయే, మామయ్యని అలాగే పోగొట్టుకున్నాం. గాజులు చేతికి బిగుసుకుపోయి ఊడలేదు. అత్తే రోకలి తెచ్చి ఒక్కొక్కటీ పగలగొట్టింది. ముత్తైదువ గాజులు పగలగొట్టకూడదనే మనిషి, ఆ రాత్రి శకునం ఊసెత్తలేదు. 108కి ఫోను చేసిందీ ఆవిడే.

ఆసుపత్రిలో సెలైన్లు, సూదులు మామూలే. కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ బాగానే ఉందని చెప్పాకే అత్త ఏడ్చింది.

తగ్గాక శ్రీకాకుళంలో చర్మవ్యాధుల డాక్టరమ్మకి చూపించాం. "కళ్లు మూసుకో తల్లీ" అని దూదితో, పెన్ను మొనతో అక్కడక్కడా తాకి, ఎక్కడ తగిలిందో చెప్పమంది. అన్నీ చెప్పాను. కుష్టులో మచ్చ మీద స్పర్శ పోతుంది, నీకది కాదు అంది. పొట్టు గీకి సూక్ష్మదర్శిని కింద చూసి ఫంగస్ కూడా లేదంది. చివర్న, "మామిడి సొన పడితే నీకు పొక్కుతుందా?" అని అడిగింది. చిన్నప్పట్నుంచీ పొక్కుతుంది! జీడి, మామిడి ఒకే కుటుంబం చెట్లట, మామిడి సొన పడనివాళ్లకి జీడి కూడా పడకపోవచ్చట. ఆ ఒక్క ప్రశ్న అంతకుముందు ఎవరూ ఎందుకు అడగలేదో నాకిప్పటికీ కోపమే.

ఆవిడ చెప్పింది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. డాక్టరు చీటీలో రాసినన్నాళ్లు, రాసినంతే మందు పూయాలి. వేణ్నీళ్లు వద్దు, గోరువెచ్చగా ఉంటే చాలు. చెయ్యి కడిగిన ప్రతిసారీ తడి అద్ది వెంటనే వాసెలిన్ రాయాలి. గిన్నెలు తోమితే లోపల నూలు గ్లోవ్స్, పైన రబ్బరువి. డెట్టాల్, నిమ్మరసం, బ్లీచింగు దగ్గరికి రానివ్వకూడదు. ఒక్క చెయ్యే పొట్టు రేగి, పాదాలకీ అలాగే ఉంటే ఫంగస్ అనుమానించాలి. వేసవిలో దురద లేకుండా పల్చగా రేగేది చాలామందికి దానంతటదే పోతుంది. పసిపిల్లలకి రోజుల తరబడి జ్వరం వచ్చి వేళ్ల కొసల దగ్గర పొట్టు ఊడుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. ఎర్రగీత పాకితే తెల్లవారేదాకా ఆగొద్దు.

మా అమ్మ అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది. చర్మరోగాలు ఆయన దయతో పోతాయని మా నమ్మకం. ఆదివారం వెళ్లి మొక్కు తీర్చుకున్నాను. డాక్టరమ్మ మందు మానలేదు, స్వామి దండమూ మానలేదు.

ఇప్పుడు పప్పుని రకాలుగా ఏరే గ్రేడింగులో ఉన్నాను. అక్కడికి వచ్చేసరికి పెంకూ పొట్టూ పోయి ఉంటాయి, జీడి తగలదు, కూలీ తక్కువే. కటింగువాళ్లకి గ్లోవ్స్ ఇస్తానని యజమాని ఒప్పుకున్నాడు, ఇంకా రాలేదు. రబ్బరువి ఒక్కటే ఇస్తే చెమటకి చెయ్యి నాని ఇంకా పాడవుతుంది, నూలువి కూడా కావాలని అడిగాం.